అంగన్‌వాడిల ఉప్పు పిలుపు

ఈ ముచ్చట నేను ఎప్పుడో రాసేదుండె. రాయకపోవడానికి బద్ధకం కారణం కాదు. సిగ్గు అసలే కాదు, సిగ్గు ఉన్నోళ్ళకు ఇసొంటివి జరగవు. అప్పటికి నాకు రాయరాదు, అంతే. చిన్నప్పుడు మా బాపు మంద ఎనక నడిచిన. బడి ముందట నుంచే మా తొవ్వ. లోపటికి పోయిన నాళ్ళు గూడ లేకపోలేదు గని, అది గొర్రె జొరవడితే గుంజుకరావడానికి. పెండ్లి అయినంక ఇంకో మంద, ఇంకో తొవ్వ. తల నెరిసినంక "అ" నేర్చుకున్న. అది గూడ ఈ గడబిడ అంత అయిపోయినంకనే.

అందుకని ఇన్నేండ్లు ఈ కథ నా చేతుల లేదు, ఊరి నోట్ల ఉన్నది. ఊరి నోట్ల పడ్డ కథ జాతరల తప్పిపోయిన పిల్లగాని లెక్క. దొరికేటాలకు ఎవరిదో అంగి తొడుక్కొని ఉంటడు. మా ఊరోళ్ళు చెప్పే కథల గొర్లు ఏటేటా ఈనుతున్నయి. మొదట మా ఇంటి మందే. తర్వాత పక్క ఊరి మంద కలిసింది. మొన్న పెండ్లిల ఒకామె, అడివి నుంచి దుప్పులు గూడ దిగినయని నా ముందటనే చెప్పింది. ఇంకొన్నొద్దులు ఊకుంటే పెద్దపులి గూడ వచ్చి పిల్లలతోని పాట పాడుతది. అది వచ్చేలోపల ఉన్నది ఉన్నట్టు నేనే రాస్తున్న. చదివేటోళ్ళు జర గట్టిగ కూసోండి. ఒక్క పాటతోని అంగన్‌వాడిని గొర్లదొడ్డి చేసిన మనిషి చేతిరాత ఇది.

అచ్చంపేట దాటి అమ్రాబాద్ గుట్టలు కనవడే దిక్కు మా ఊరు. వానకాలం ముసురు పట్టిందంటే గుట్టలు ఉండవు, మబ్బులే ఉంటయి. ఇండ్లు సగం కనవడుతయి, మనుషులు సగం కనవడుతరు, మిగిలిన సగం ఎవరి మనసుకు వచ్చినట్టు వాళ్ళు అనుకోవాలె. ఆ కాలంల లేచి ఉన్నమా, పండుకున్నమా అనేది తెలువదు. నాకు ఎండకాలంల గూడ తెలువదు, అది వేరే ముచ్చట. "నీకు కండ్లు తెరిచి నిద్రపోయే రోగం ఉన్నదే" అని మా ఆయన బీరయ్య ఎన్నోసార్లు అన్నడు. ఎన్నిసార్లు అన్నడో నాకు యాదిలేదు. ఆ టైంల నిద్రల ఉన్ననేమో.

తెలంగాణ వచ్చిన కొన్నేండ్లకు నేను మా ఊరి అంగన్‌వాడిల ఆయమ్మను. ఊడ్చుడు, వండుడు, ముక్కులు తుడుచుడు, ఉడికిన గుడ్డు పెంకు తీసుడు నా పని. పాటలు, ఆటలు సరళ టీచర్ పని. ఆ పిల్ల నా బిడ్డ తోటిది. నన్ను అక్కా అని పిలిచేది.

సరళ టీచర్ పాట చెప్తే ఉత్తగ చెప్పదు, ప్రతి పాటకు ఒక ఆట కడుతది. వాన పాటకు పిల్లలు ముందు ఒక్క వేలుతోని అరచేయి మీద తట్టాలె. తర్వాత రెండు వేళ్ళు. తర్వాత అన్ని వేళ్ళు. ఆఖరుకు కాళ్ళతోని నేల మీద ఉరుము. వంటింట్ల కూసోని వింటే అచ్చం వాననే. నేను ఒకనాడు ఉరికిపోయి దండెం మీది బట్టలన్ని తీసి లోపటికి తెచ్చిన. బయట ఎర్రటి ఎండ. రైలు పాటకు ఒకరి అంగి ఒకరు పట్టుకొని నడవాలె. ముందటి పిల్లగాడు ఉరికిండు, ఎనకటి పిల్ల ఆగింది, నడిమిటోని నిక్కరు స్టేషన్ల దిగిపోయింది. చేపల పాటకు టబ్బు నిండ నీళ్ళు, నీళ్ళల్ల చింతాకు చేపలు. పట్టిన చేపను పట్టినట్టే తిన్నోళ్ళు గూడ ఉన్నరు.

నేను గుమ్మంల నిలవడి నోరు తెరుచుకొని చూసేదాన్ని.

"అక్కా, పప్పు!"

"అదేం పాట టీచర్, కొత్తదా?"

"పాట కాదక్కా, మాడుతాంది!"

అందరికి పెద్ద పెద్ద కోరికలు ఉంటయి. నాకు ఒక్కటే ఉండె. ఆ పాట గంట నాది కావాలె. పిల్లలు గుండ్రంగ కూసుంటే నడుమ నేను నిలవడాలె. బడిల కూసునే అదృష్టం ఎట్లాగు పాయె, నిలవడే అదృష్టమన్న దక్కాలె అని. ఎవరికి చెప్పలె. చెప్పితే నవ్వుతరని కాదు, చెప్పితే కోరిక చప్పబడిపోతదని.

ఒకనాడు అన్నాలు తిన్నంక పిల్లలు పండుకోక సతాయిస్తున్నరు. శ్రీజ అని ఒక పిల్ల ఉండె, మా ఇంటి పక్కదే. నిద్ర అంటే దానికి శిక్ష. దాన్ని కాళ్ళ మీద ఏసుకొని, మంద ఎనక నడిచేటప్పుడు నా నోట్లకు వచ్చిన పాట ఒకటి మెల్లగ అందుకున్న.

గుట్ట మీద గొర్రెపిల్ల
మబ్బుల ఇంకో గొర్రెపిల్ల
ఇది తల వంచితే అది తల వంచె
ఇది కండ్లు మూస్తే అది కండ్లు మూసె
మెల్లగ రావే ముసురు వాన
పిల్ల పండుకున్నది గొంగట్ల

శ్రీజ పండుకున్నది. దాని పక్కోళ్ళు పండుకున్నరు. తలకాయ ఎత్తి చూస్తే సరళ టీచర్ గోడకు ఆనుకొని చూస్తాంది.

"ఎక్కడిదక్కా గీ పాట?"

"ఎక్కడిది కాదు టీచర్. గొర్లకు చెప్పేదాన్ని."

"గొర్లు ఏమన్నయి?"

"పండుకున్నయి."

సరళ టీచర్ నా దగ్గర కూసున్నది. "అక్కా, సూపర్‌వైజర్ మేడం వచ్చేవారం వస్తది. ఈపారి మన ఊరి బతుకు నుంచే ఒక పాట, దానికి ఒక ఆట చూపియ్యమన్నది. నువ్వు చెయ్యి. మంచిగ అయిందనుకో, పాట గంట నీకు ఇయ్యమని నేనే అడుగుత."

నేను చెప్పని కోరిక ఆ పిల్లకు ఎట్ల తెలిసిందో! తర్వాత అడిగితే, "మాడిన పప్పు చెప్పిందక్కా" అన్నది.

ఆనాటి నుంచి నా కాళ్ళు నేలకు ఆనలె. ఆట అంత మనసుల కట్టుకున్న. పైకప్పుకు దారాలు కట్టి పత్తి మబ్బులు వేలాడదియ్యాలె. పిల్లలు గొర్రెపిల్లలు. మెడల చిన్న గంటలు. నేను కాపరి అవ్వను. నేను పాడితే పిల్లలు తల వంచాలె, కండ్లు మూయాలె, గొంగళ్ళ కింద ముడుచుకోవాలె. ఆఖరుకు ఎండ వస్తది. అప్పుడు అవ్వ ఉప్పు పిలుపు పిలుస్తది. పిల్లలు దిగ్గున లేచి, మోకాళ్ళ మీద ఉరికొచ్చి, అరచేతులల్ల నేను పోసే పేలాలు, బెల్లం నాకుకుంట తినాలె. చూసేటోళ్ళు చప్పట్లు కొట్టాలె. చప్పట్లు ఎంతసేపు కొట్టాల్నో గూడ అనుకున్న. పిల్లలకు ఆ ఆట రోజూ నేర్పిన, పిలుపు మాత్రం గుసగుసగ.

ఉప్పు పిలుపు అంటే తెలువనోళ్ళ కోసం చెప్తున్న. వానకాలం పచ్చగడ్డి మేసి మేసి గొర్లకు నోరు చప్పగైతది. అప్పుడప్పుడు బండ మీద ఉప్పు చల్లి నాకిపిస్తం. దానికి ఒక పిలుపు ఉంటది. ఒక్కో ఇంటిది ఒక్కో తీరు. మా ఇంటిది మా అత్త నుంచి నాకు వచ్చింది. నాలుకను అంగిలికి కొట్టుకుంట, ఊపిరిని గొంతుల తిప్పి, ఆఖరుకు పైకి ఇసిరేసుడు. రాసి చూపిద్దామంటే, ఇంత పెద్ద అక్షరమాలల దానికి ఒక్క అక్షరం లేదు. నేను నేర్చుకున్నంక మొత్తం ఎతికిన. గొర్రెకు ఆ పిలుపు వినవడ్డదంటే గడ్డి లేదు, నీళ్ళు లేవు, తల్లి లేదు, పిల్ల లేదు. ఉరుకుడే.

సామాన్ల కోసం మా ఆయన దగ్గరికి పోయిన.

"ఏమయ్యా, చిన్న గంటలు కావాలె."

"ఎందుకే?"

"పిల్లల మెడలకు కడత."

"పిల్లలకు గంటలెందుకు? ఏడిస్తే వినవడుతలేదా?"

"గొంగళ్ళు గూడ కావాలె."

"నన్ను గూడ తీస్కపోరాదు. ఓ మూలకు నిలవడి మొత్తుకుంట."

"నువ్వు పొట్టేలువి. నాకు పిల్లలే కావాలె." ఎందుకన్న మంచిదని అడిగిన, "మేడం వచ్చేనాడు మంద ఎటు తోలుతవు?"

"చెరువు అవతలి బీడుకు."

చెరువు అవతల అంటే నా పిలుపు కాదు, బాంబు పేలినా వినవడదు. నేను నిమ్మలమైన. ఇగో, ఇక్కడనే నా తెలివి తెల్లారింది. ఆనాడు పొద్దుగాల నుంచే ముసురు. ముసురు పడితే బీడు బురద. బురదల నిలవడితే గొర్ల గిట్టలు పాడైతయని ఏ కాపరి గూడ మందను అటు తోలడు, గట్టి జాగకు తోలుతడు. మా ఊర్ల గట్టి జాగ ఒక్కటే, అంగన్‌వాడి ఎనక ఉన్న బండల గుట్ట. ఇది మా కులంల పాలు తాగే పిల్లకు గూడ తెలుసు. మంద ఎనక పుట్టి, మంద ఎనక పెరిగి, మందల ఇంటికి కోడలుగ వచ్చిన నాకు ఆ ముసురును చూస్తే ఏమనిపించిందో తెలుసా? "ఆహా, పాటకు తగ్గ వాన!" అనిపించింది.

సూపర్‌వైజర్ మేడం పొద్దటి నుంచి వేరే ఊర్లు తిరిగి, ఆటోల తడుసుకుంట వచ్చింది. మొఖం చూస్తే మనిషి ఎప్పుడో అలిసిపోయి, ఆ సంగతి చెప్పుకునే తీరిక లేక తిరుగుతున్నట్టు ఉన్నది. కుర్చీల కూసోబెట్టినం. చాయ్ ఇచ్చినం. జామకాయ కోసి ఉప్పు కారం చల్లి ఇచ్చిన. మేడం ఇష్టంగ తిన్నది.

"నువ్వేనా లింగమ్మ? పాట నీదేనట."

"అవు మేడం."

"భయమైతుందా?"

"లేదు మేడం" అన్న. నా చేతుల గంటలు గలగల మోగినయి.

మొదలువెట్టినం. తలుపు దగ్గరికి ఏసి, కిటికీలకు దుప్పట్లు కట్టి సగం చీకటి చేసిన. పత్తి మబ్బులు గాలికి మెల్లగ తిరుగుతున్నయి. పిల్లలు మోకాళ్ళ మీద నడుసుకుంట వచ్చి చాప మీద గుంపైండ్రు. సరళ టీచర్ ఫోన్ పట్టుకొని వీడియో తీస్తాంది. నేను గొంగడి కప్పుకొని, కట్టె పట్టుకొని నడుమ నిలవడ్డ. ఆ నిలవడ్డ గడియ గురించి రాయమంటే రాయలేను. గుండ్రంగ పిల్లలు, నడుమ నేను. అంతే.

పాట అందుకున్న. పిల్లలు తల వంచిండ్రు. బయట ముసురు నా పాటకు వంత పాడినట్టు రేకుల మీద సన్నగ కురుస్తాంది. గొంగళ్ళ వాసన, బెల్లం వాసన, తడి మట్టి వాసన కలిసి గది అంత గోరువెచ్చగైంది. పిల్లలు కండ్లు మూసిండ్రు. ఒకరి మీద ఒకరు వాలిండ్రు. సూపర్‌వైజర్ మేడం తల ముందు కుడి దిక్కు వంగింది, తర్వాత ఎడమ దిక్కు వంగింది, ఎటూ తేల్చుకోలేక నడుమకు వచ్చి గదువ ఎద మీద ఆనింది. జామకాయ తిన్న చేయి కుర్చీ పక్కకు జారి, అరచేయి పువ్వు లెక్క తెరుచుకున్నది.

నిజం చెప్పాలంటే, మూడోసారి పాడేటప్పటికి నేను గూడ అక్కడ లేను. గుట్ట మీద ఉన్న. మబ్బు నా మోకాళ్ళ దాక వచ్చింది. ఎక్కడ గొర్రె, ఎక్కడ మబ్బు తెలుస్తలేదు. ముట్టుకుంటే అన్ని మెత్తగనే ఉన్నయి. మా బాపు ఎక్కడనో ముందు నడుస్తున్నడు, వీపు కనవడుతలేదు గని దగ్గు వినవడుతాంది. ఆ దగ్గు వెంటవడి పోతున్న...

"అక్కా!" సరళ టీచర్ గుసగుసలాడింది. ఆ దగ్గు ఆమెదే. "అక్కా, ఇగ లేపు. మేడం నిద్రపోయేది గూడ వీడియోల పడుతాంది."

"ఇంకొక్కసారి పాడుత టీచర్. మస్తుగున్నది."

"మస్తుగున్నది గని, ఇంకొక్కసారి పాడితే నేను గూడ పడత. లేపు!"

ఎండ వచ్చిందని పాడిన. ఒక్కరు లెవ్వలె. ఉప్పు పిలుపు మెల్లగ పిలిచిన. ఒక్క గంట మోగలె. ముసురుల, గొంగడి కింద, కడుపు నిండ తిని పండుకున్న పిల్లగాన్ని లేపుడు ఆ బ్రహ్మదేవుని తరం కాదు. జర గట్టిగ పిలిచిన. శ్రీజ ఇటు నుంచి అటు తిరిగింది, అంతే. నా పాట గంట నా కండ్ల ముందటనే గురక పెడుతాంది.

"వినవడుతలేదక్కా, ఇంకా గట్టిగ!" అన్నది టీచర్.

నాకు పౌరుషం వచ్చింది. నోటి పక్కన చేయి పెట్టుకొని, కండ్లు మూసుకొని, మా అత్తను తలుసుకొని, గుట్ట అవతలికి పిలిచినట్టు పిలిచిన. రేకులు అదిరినయి.

పిలిచి, కండ్లు తెరువకుండ ఆగిన. గంటల సప్పుడు మొదలైంది. ముందు ఒకటి. తర్వాత నాలుగు. తర్వాత గలగలమని.

"చూడు టీచర్, లేస్తున్నరు!"

"అక్కా..."

"నేను చెప్పలె? మా అత్త పిలుపు!"

"అక్కా, పిల్లలు పండుకొనే ఉన్నరు."

తలుపు ధడేలుమన్నది. ముందు మా కొమ్ముల పొట్టేలు వచ్చింది. దాని ఎనక, చెరువుకు గండి పడితే నీళ్ళు వచ్చినట్టు మంద మంద వచ్చింది. పిలువని పేరంటానికి వచ్చినయని వాటిని అనొద్దు. నేను పిలిచిందే, నోరార పిలిచిందే! పండుకున్న పిల్లల నడుమ నుంచి, వాగుల రాళ్ళు దాటినట్టు ఒడుపుగ దాటి, గది నిండ నిలవడి, అన్ని నా దిక్కే చూసినయి. ఉప్పు ఏది అని.

నేను కదలలె. నిజం అనుకోలె. గుట్ట మీద చూసిన మబ్బులే ఇంకా నడుస్తున్నయి అనుకున్న. ఒక గొర్రె ముందటి కాళ్ళు గోడకు ఆనిచ్చి, వేలాడే పత్తి మబ్బును అందుకొని నమలవట్టింది. మబ్బుల గొర్రె ఉన్నదని పాడిన నేను, గొర్రెల మబ్బు పోతుంటే చూసుకుంట నిలవడ్డ. పేలాల గంప బోర్లపడ్డది. మేడం కోసం తెచ్చిన బంతిపూల దండ రెండు నోళ్ళ నడుమ తెగింది.

పొట్టేలు మాత్రం ఆ చిల్లర తిండి ముట్టలె. అది ఉప్పు కోసం వచ్చింది, ఉప్పు వాసన పట్టింది. నిమ్మలంగ కుర్చీ దగ్గరికి పోయి, మేడం అరచేయి నాకవట్టింది.

"టీచర్, కొట్టు దాన్ని!"

"నేనా? నువ్వు కొట్టక్కా, మీదే కదా!"

మేడం నిద్రలనే నవ్వింది. చిన్న పిల్ల నవ్వు. "అవ్వా, సాలు" అన్నది. "గోరింటాకు సాలవ్వా... చక్కిలిగిలైతాంది."

పొట్టేలు వేళ్ళ సందులు గూడ వదలలె. మేడం మెల్లగ కండ్లు తెరిచింది. అవ్వకు కొమ్ములున్నయి.

ఆ కేక గురించి రాయను. పిల్లలు లేచిన కేక అదే, అంత మాత్రం రాస్త. నా పిలుపుకు లెవ్వనోళ్ళు మేడం పిలుపుకు అందరు ఒక్కసారి లేచిండ్రు. లేచి చూస్తే చుట్టూ గొర్లు. ఏడుస్తరనుకున్న. ఒక్కరు ఏడువలె. పాటల ఇట్లనే ఉంటదేమో అనుకున్నరు. ఒకడు గొర్రె మెడ పట్టుకొని "ఆయమ్మా, గీ పిల్లగానికి గూడ పేలాలు పెట్టు" అన్నడు.

అప్పుడే మా బీరయ్య రొప్పుకుంట ఉరికొచ్చిండు. "ఎవడురా నా మందను పిలిచింది? ఎవనికిరా మా ఇంటి పిలుపు వచ్చింది?" అని కట్టె ఎత్తి గుమ్మంల నిలవడ్డడు. నడుమ నేను గొంగడి కప్పుకొని, కట్టె పట్టుకొని ఉన్న. కట్టె దించిండు.

"నువ్వానే?"

"నువ్వు చెరువు అవతలికి పోతనంటివి!"

"ముసురుల బీడుకు తోలుతరానే ఎవరన్న? మంద ఇంట్ల పుట్టలేదా నువ్వు?"

ముందు పొట్టేలు, ఎనక మొగడు, నడుమ సూపర్‌వైజర్. నుయ్యి, గొయ్యి అయితే ఏదో ఒక దాంట్ల దుంకుదును.

గొర్లను తోలుడు మొదలైంది. ఉప్పుకు పిలిస్తే వచ్చినయి, ఉప్పు లేకుండ పోవు. ఆయన తోలుతడు, అవి తలుపు దాక పోయి ఎనకకు మర్లుతయి. ఆఖరుకు ఎట్లనో మంద బయటపడ్డది. నేను పిల్లల తలకాయలు చూసుకుంటున్న. శ్రీజ లేదు.

టీచర్ చాపలు ఎత్తి చూసింది. మేడం కుర్చీ కింద చూసింది. నేను వంటింట్ల, గోనెసంచుల ఎనక, తలుపు సందుల, "శ్రీజా, శ్రీజమ్మా" అని. పాట గంట పోతే పాయె, దేవుడా, నా పిల్ల దొరికితే సాలు అనుకున్న. బయట నుంచి మా ఆయన గొంతు వినవడ్డది.

"లింగీ, గీ నల్ల గొర్రెకు చెప్పులున్నయేందే?"

ఉరికిన. మంద నడుమ, నల్ల గొంగడి కప్పుకొని, మోకాళ్ళ మీద, మెడల గంట మోగించుకుంట శ్రీజ. మా ఆయన ఎత్తుకోబోతే "మే" అన్నది. "ఆట అయిపోలె, నన్ను ముట్టొద్దు" అన్నట్టు. ఆయన దాన్ని భుజాల మీద ఏసుకొని తెచ్చి నా చేతులల్ల పెట్టిండు. దాన్ని గట్టిగ పట్టుకొని కూలవడ్డ. అది నా చెవుల మెల్లగ చెప్పింది, "ఆయమ్మా, నేను మంచిగ చేసిన కదా?"

గంపల మిగిలిన పేలాలు పిల్లలకు పంచి, గది ఊడ్సినం. గొర్లు పెట్టిపోయిన పెంటికలు గూడ ఊడ్సినం. సూపర్‌వైజర్ మేడం చేయి కడుక్కున్నది, వాసన చూసుకున్నది, మల్ల కడుక్కున్నది. నేను ముందట తల వంచుకొని నిలవడ్డ. పాటల గొర్రెపిల్ల గూడ అంత మంచిగ తల వంచలె.

"లింగమ్మా."

"మేడం."

"పాట గంట నీకు ఇయ్యమని మీ టీచర్ అడుగుతున్నది. ఇంత అయినంక గూడ అడుగుతున్నది, ఆమె ధైర్యం చూడు."

నేను సరళ టీచర్ దిక్కు చూసిన.

"పిల్లల్ని ఆడించేటోళ్ళను మస్తు మందిని చూసిన. ఏడిపిచ్చేటోళ్ళను గూడ చూసిన. నన్ను పండవెట్టినామెను ఇయ్యాలనే చూసిన." మేడం అరచేయి చూసుకున్నది. "మా అవ్వ కనవడి ఎన్నేండ్లయిందో. ఇగో, ఇట్ల చేద్దాం. అన్నం తిన్నంక పండవెట్టే పాట నీది. రోజూ నీదే. మళ్ళ లేపేది మాత్రం సరళ టీచర్. నువ్వు ఎవ్వరినీ లేపొద్దు. పండుకున్నోళ్ళనే గాదు, లేచి ఉన్నోళ్ళను గూడ లేపొద్దు."

పాట గంట సగమే దక్కింది. దక్కిన సగంల అందరు కండ్లు మూసుకొని ఉంటరు, నేను నడుమ నిలవడ్డది ఒక్కరు చూడరు. అయినా దక్కింది.

ఇంటికి పోయేటప్పుడు గాలిల తేలుకుంట పోయిన. మా ఆయన గడప మీద కూసోని ఉన్నడు. నేను నవ్వుకుంట అంత చెప్పిన. ఆయన నవ్వలె.

"పిల్లలకు పేలాలు పెట్టినవా?"

"పెట్టిన."

"మేడంకు జామకాయ పెట్టినవా?"

"పెట్టిన."

"నా గొర్లకేం పెట్టినవే?"

నేను గొంగళ్ళ మూట దించి ఆయన ముందట కూసున్న.

"ఉత్తగ పిలిచినవ్. మా అమ్మ పిలుపుతోని. రేపు అడివిల చిరుతనో తోడేలో అడ్డమొస్తే, ఆ పిలుపు తప్ప నాకు ఏమున్నది చెప్పు? అవి ఇగ నమ్ముతయా?"

"గొర్లకు గంత యాదుంటదా?"

"నీకంటె ఎక్కువ" అని లేచిపోయిండు.

అప్పుడు నేను ఒట్టు పెట్టుకున్న. మా కులదేవుడు బీరప్ప మీద, మా అత్త మీద, నాకింకా రాని అక్షరాల మీద: నా చేతుల ఉప్పు లేకుండ నా నోట పిలుపు రానియ్య. పిల్లల్ని లేపడానికే కాదు, ఇల్లు అంటుకున్నా ఊరును లేపడానికి గూడ రానియ్య. ఊరు కాలితే కాలనియ్యి, మేడం చెప్పింది కదా, ఎవ్వరిని లేపొద్దని.

ఒట్టు తీసి గట్టు మీద పెట్టుడు అంటరు. తెల్లారి పొద్దుగాల నేను ఉప్పు తీసి గట్టు మీద పెట్టిన. మా ఇండ్ల ఎనక బండ మీద, పెద్ద గంప నిండ తెచ్చి, వరుసగ చల్లిన. ముసురు ఎలిసింది. మబ్బు ఇంకా బండను వదలలె. మంద కింద మేస్తాంది. మా ఆయన కట్టె మీద గదువ ఆనిచ్చి, ఏం చేస్తదో చూద్దామన్నట్టు నిలవడ్డడు.

పిలిచిన. గొర్లు తలలెత్తి చూసినయి. మల్ల తలలు వంచి మేసినయి. ఇంకోసారి పిలిచిన. పొట్టేలైతే తల గూడ ఎత్తలె. గొర్రె కసాయోన్ని నమ్ముతది అంటరు. నన్ను నమ్మలె.

అప్పుడు ఇండ్ల దిక్కు నుంచి ఏదో కదిలింది. మబ్బుల నుంచి శ్రీజ వచ్చింది, నోట్ల పండ్లపుల్ల, కండ్లల్ల నిద్ర. దాని ఎనక ఆ వాడకట్టు పిల్లలు ఇంకొందరు, జుట్లు చెదిరి, మోకాళ్ళ మీద బండ ఎక్కుకుంట వస్తున్నరు. వచ్చి నా ముందట అరచేతులు సాపిండ్రు. బెల్లం లేదు, పేలాలు లేవు. ఏం చెయ్యను? తలా ఒక చిటికెడు ఉప్పు పెట్టిన. మొఖాలు వంకరలు పెట్టుకుంట, నవ్వుకుంట నాకిండ్రు.

కింద నుంచి ఒక ముసలి గొర్రె వాళ్ళను చూసింది. చానసేపు చూసింది. తర్వాత మెల్లగ బండ ఎక్కి వచ్చి, శ్రీజ పక్కన నిలవడి, నాలుక బయటికి పెట్టింది.